నికెల్ పూత కేసులా, మామూలు ఇత్తడి కేసులా: రైఫిల్ రీలోడింగ్‌కు ఏవి దాచుకోవాలి?

రైఫిల్ కాల్చి వచ్చాక ఖాళీ కేసులను, అంటే తూటా పేలాక మిగిలే లోహపు గొట్టాలను, బల్ల మీద పోసి వేరు చేస్తుంటే, చివరికి ఎప్పుడూ ఒక చిన్న కుప్ప మిగిలిపోతుంది. పచ్చటి ఇత్తడివి డబ్బాలోకి పోతాయి, స్టీల్‌వి చెత్తలోకి పోతాయి. మధ్యలో మిగిలేవి వెండిలా తళతళలాడే నికెల్ పూత కేసులు. చూడ్డానికి కొత్తవాటిలా ఉంటాయి, చేతిలో నున్నగా జారుతుంటాయి. పారేయడానికి మనసొప్పదు. పోనీ కొత్త ప్రైమర్ (పౌడర్‌ను అంటించే చిన్న మూత), పౌడర్, బుల్లెట్ పెట్టి రీలోడ్ చేద్దామంటే ఒకరు "మెడ పగులుతుంది" అంటారు, ఇంకొకరు "డై (కేసును కొలతకు నొక్కే అచ్చు) పాడవుతుంది" అంటారు, మూడో ఆయన "ఏళ్లుగా చేస్తున్నా, నాకేం కాలేదు" అంటాడు. ముగ్గురూ నిజమే చెబుతున్నారు. వాళ్ల రైఫిళ్లు వేరు, వాటితో చేసే పని వేరు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. తూటా పేలేదాకా దాన్ని కాపాడటమే నికెల్ పూత చేసే పని. రీలోడింగ్ మొదలయ్యేది పేలిన తర్వాత. అందుకే ఒంటి మీద, సంచిలో రోజుల తరబడి తిరిగే తూటాకు నికెల్ బాగుంటుంది. పదేపదే కాల్చి, పదేపదే నింపుకునే తూటాకు మామూలు ఇత్తడే మంచిది. మిగతాదంతా ఈ రెండింటి మధ్య మీరు ఎక్కడ నిలబడ్డారన్న లెక్కే.

ఇక్కడ మాట్లాడుతున్నది బుల్లెట్‌ను పట్టుకునే మెడ సన్నగా ఉండే రైఫిల్ కేసుల గురించి. పిస్టల్, రివాల్వర్ల తిన్నటి కేసుల సంగతి వేరు. వాటిలో నికెల్ అంతగా ఇబ్బంది పెట్టదు. పౌడర్ ఎంత వేయాలన్నది ఈ వ్యాసంలో ఉండదు. అది ఎప్పుడూ అచ్చయిన రీలోడింగ్ మాన్యువల్ చూసే వేయాలి. మీ దేశంలో రీలోడింగ్‌కు లైసెన్స్ కావాలా, అసలు అనుమతి ఉందా అన్నది కూడా ముందే తెలుసుకోండి.

## ముందు ఏం చూడాలి?

మొదటిది కేసు ఆయుష్షు. పేలిన ప్రతిసారీ మెడ వెడల్పవుతుంది, మనం సైజింగ్ డైలో దాన్ని మళ్లీ నొక్కుతాం. ఇలా సాగదీసి నొక్కే కొద్దీ ఇత్తడి గట్టిపడి పెళుసవుతుంది, చివరికి మెడ చీలుతుంది. దీన్ని వాయిదా వేయడానికి ఉన్న మందు అనీలింగ్, అంటే మెడను కొన్ని క్షణాలు వేడి చేసి మెత్తబరచడం. మీరు ఎంచుకునే కేసు అనీలింగ్‌కు లొంగుతుందా లేదా అన్నదే సగం నిర్ణయం.

రెండోది మెడ పట్టు. బుల్లెట్‌ను అన్ని కేసులూ ఒకే బిగువుతో పట్టుకుంటేనే టార్గెట్ మీద దెబ్బల గుంపు దగ్గరగా పడుతుంది. వేటకు అంత పట్టింపు లేకపోవచ్చు. దూరపు టార్గెట్‌కు అదే ప్రాణం.

తర్వాత పనిముట్ల అరుగుదల, చిలుము పట్టకుండా ఉండటం. చివరగా చాలామంది లెక్కలోకి తీసుకోని విషయం ఇంకొకటి ఉంది: కేసు పాడైతే ఆ సంగతి మన కంటికి తెలుస్తుందా? నా వరకు ఈ చివరి ప్రశ్న చాలా పెద్దది. చీలిన మెడ వల్ల పోయేది ఒక కేసు. అడుగు భాగం తెగితే రైఫిల్‌కీ, కాల్చేవాడికీ ముప్పే.

## నికెల్ పూత కేసు

ఇది వేరే లోహమేమీ కాదు. లోపల ఉన్నది అదే కార్ట్రిడ్జ్ ఇత్తడి, 70 శాతం రాగి, 30 శాతం జింక్. దాని మీద పలచటి నికెల్ పొర ఉంటుంది. వెండిరంగులో కనిపించేవన్నీ నికెల్ కాదు కాబట్టి ముందు అది తేల్చుకోండి. అల్యూమినియం కేసు చేతిలో పట్టుకుంటేనే తేలిక తెలుస్తుంది. స్టీల్ కేసు అయస్కాంతానికి గట్టిగా అతుక్కుంటుంది. నికెల్ కూడా అయస్కాంతానికి స్పందించే లోహమే. అయితే పూత అంత పలచగా ఉంటే లాగుడు చాలా బలహీనంగా ఉంటుంది, ఒక్కోసారి అసలు తెలియదు. అనుమానం ఉంటే మూతి అంచు మీద చిన్న ఆకురాయి గీత పెట్టండి. కింద పసుపుపచ్చగా కనబడితే ఇత్తడే.

మంచి గుణాలు తక్కువేం కాదు. తోలు బెల్టు లూపుల్లో ఇత్తడి తూటాలను వదిలేస్తే, తోలు పదును చేసిన రసాయనాలకూ రాగికీ పడక పచ్చటి చిలుము పడుతుంది. ఆ చిలుము తోలుకు అంటుకుని తూటా బయటకు రానని మొరాయిస్తుంది. నికెల్‌కు ఆ బెడద చాలా తక్కువ. చెమట చేతులకూ, తడి సంచికీ కూడా తట్టుకుంటుంది. నునుపు కాబట్టి చాంబర్‌లోకి (రైఫిల్ గొట్టంలో తూటా కూర్చునే చోటికి) సులువుగా వెళ్తుంది, సులువుగా బయటకొస్తుంది. మసక వెలుతురులో బోల్ట్ (చాంబర్‌ను మూసే కడ్డీ) కొంచెం వెనక్కి లాగితే లోపల తూటా ఉందో లేదో వెంటనే కనిపిస్తుంది. ఫెడరల్, వించెస్టర్ లాంటి కంపెనీలు కొన్ని వేట తూటాలను నికెల్ కేసుల్లో అమ్మేది ఇందుకే. మరో చిన్న లాభం, ఎండుగడ్డిలో పడ్డ ఇత్తడి కేసును వెతకాలి, నికెల్ కేసు మాత్రం దానంతటదే మెరిసి పిలుస్తుంది.

ఇప్పుడు రీలోడింగ్ బల్ల దగ్గరికి వద్దాం. నికెల్ పొర కింది ఇత్తడి కన్నా గట్టిది, సాగే గుణం తక్కువ. మెడ సాగి, నొక్కుకుపోయి, మళ్లీ సాగుతుంటే ఇత్తడి ఓర్చుకుంటుంది. పూత ఓర్చుకోలేదు. ముందు సన్నటి బీటలు వస్తాయి, తర్వాత పొర పొలుసుల్లా లేస్తుంది. పొలుసులు ఎక్కువగా లేచేది మూతి దగ్గర. కేసును ట్రిమ్ చేసిన (పెరిగిన పొడవు మూతి దగ్గర కోసిన) తర్వాత మూతిని దీపం కింద పెట్టి చూడండి. వెండి గొట్టం కొసన సన్నటి పసుపు ఉంగరం కనిపిస్తుంది. అది కోత పడి బయటపడ్డ ఇత్తడి. ఆ ఉంగరానికి ఇరుపక్కలా పూత అంచు తెగి ఉంటుంది కాబట్టి, పొలుసు లేవడం తరచూ అక్కడే మొదలవుతుంది. పూత మూతి లోపలికి కూడా కొంతవరకు వెళ్తుంది. లోపలి అంచును సరిగ్గా నున్న చేయకపోతే బుల్లెట్ దిగేటప్పుడు దాని రాగి జాకెట్ మీద నిలువు గీత పడుతుంది.

లేచిన పొలుసు డైలో చిక్కుకుంటే ఏమవుతుందో నా చేతుల మీదే చూశాను. ఒకరోజు సైజ్ చేస్తున్న ఇత్తడి కేసులన్నిటి మీదా ఒకే చోట, భుజం (మెడ కింది వాలు) కింద నుంచి అడుగు దాకా, వెంట్రుక లాంటి గీత పడుతోంది. గోరుతో తడిమితే తగులుతోంది. డై విప్పి టార్చ్ వేసి చూస్తే లోపలి గోడకు ఆవగింజలో పదో వంతు కూడా లేని మెరుపు చుక్క ఒకటి అంటుకుని ఉంది. అంతకుముందు వారం నికెల్ కేసులు చేసి, డై తుడవకుండా పక్కన పెట్టాను. పొరపాటు నాదే. పుల్లకు దూది చుట్టి, మెటల్ పాలిష్ అద్ది, సున్నితంగా తిప్పితే పోయింది. డై పాడవలేదు. అయితే ఆ గీత పడ్డ కేసులను నేను మళ్లీ వాడలేదు.

మెడ పట్టు విషయానికొస్తే, గట్టి మెడ నొక్కిన తర్వాత కొంచెం వెనక్కి తెరుచుకుంటుంది, ఒక్కో కేసు ఒక్కోలా తెరుచుకుంటుంది. బుల్లెట్ దింపేటప్పుడు ప్రెస్ పిడి మీద చేతికే ఆ తేడా తెలుస్తుంది. ఒకటి మెత్తగా దిగుతుంది, పక్కది గట్టిగా ఆగి ఆగి దిగుతుంది. అనీలింగ్‌తో సరిచేద్దామన్నా కుదరదు. ఇత్తడి మెత్తబడే వేడి నికెల్‌ను మెత్తబరచదు. పైగా ఇత్తడి మీద రంగు మారడం చూసి వేడి ఆపేవాళ్లకు నికెల్ మీద ఆ రంగు గుర్తు దొరకదు. అందుకే నికెల్ కేసులను అనీలింగ్ చేసి ఆయుష్షు పెంచుదామన్న ఆలోచన వదిలేయమనే చెబుతాను.

ఇక తనిఖీ. సైజింగ్‌లో భుజాన్ని ఎక్కువ వెనక్కి నెడుతూ పోతే, పేలినప్పుడల్లా కేసు అడుగుకు కొంచెం పైన గోడ పలచబడుతుంది. ఇత్తడి కేసు మీద అక్కడ మెరిసే గీత ఉంగరంలా కనిపించి హెచ్చరిస్తుంది. నికెల్ కేసు ఒళ్లంతా మెరుపే కాబట్టి ఆ ఉంగరం కంటికి ఆనదు. సన్నటి తీగ కొసను కొక్కెంలా వంచి లోపల గోడ వెంబడి కింద నుంచి పైకి గీరడమే దారి. తీగ కొస ఎక్కడైనా గాడిలో పడ్డట్టు తగిలితే ఆ కేసు పని అయిపోయినట్టే. నికెల్ విషయంలో ఈ తీగ పరీక్షను ప్రతిసారీ, ప్రతి కేసుకూ చేయండి.

## కొత్త ఇత్తడి కేసు

కాల్చని కొత్త కేసులను సంచుల్లో, పెట్టెల్లో అమ్ముతారు. ఒకే లాటులోవి కాబట్టి బరువు, గోడ మందం, లోపలి చోటు దగ్గరదగ్గరగా ఉంటాయి. కొన్నిటికి మెడ మీద అనీలింగ్ చేసిన నీలి గోధుమ ఛాయ ఇంకా ఉంటుంది. అది మరక కాదు, మంచి గుర్తే. ట్రిమ్మర్ సాఫీగా కోస్తుంది. కావాలంటే మెడ గోడను ఒకే మందానికి చెక్కుకోవచ్చు. నికెల్ మీద మెడ చెక్కడం మాత్రం పెట్టుకోవద్దు. పూత ఒకచోట ఉండి ఒకచోట పోయి మొదటికే మోసం వస్తుంది.

దీని లోపం చిలుము, మచ్చలు. ఒక పాత సంగతి గుర్తు చేయాలి. 19వ శతాబ్దంలో భారతదేశంలో బ్రిటిష్ సైన్యం వానాకాలంలో గుర్రపుశాలల్లో దాచిన ఇత్తడి తూటాల కేసులు వాటంతటవే పగిలేవి. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమోనియా, తయారీలో ఇత్తడిలో మిగిలిపోయిన బిగువు కలిసి ఆ పని చేశాయని 1921లో తేలింది. ఈ కథలో మనకు పనికొచ్చే ముక్క ఒకటుంది. అమోనియా ఉన్న ఇత్తడి పాలిష్‌తో కేసులను ఎప్పుడూ తోమకండి. నికెల్ ఉంది కదా అని దాన్నీ తోమొద్దు. పూత లేచిన చోట కింద ఉన్నది ఇత్తడే.

## ఒకసారి కాల్చిన ఇత్తడి

ఎక్కువమంది మొదలుపెట్టేది దీనితోనే. మీ రైఫిల్‌లోనే పేలినవైతే ఇంతకన్నా మంచి కేసు లేదు. అవి మీ చాంబర్ ఆకారానికి వచ్చేసి ఉంటాయి. బోల్ట్ యాక్షన్ అయితే భుజాన్ని దాదాపు 0.05 మి.మీ. వెనక్కి నెడితే చాలు. అందువల్ల గోడ పలచబడటం కూడా నెమ్మదిస్తుంది.

ఎవరో కాల్చినవి ఏరుకొచ్చినవైతే మాత్రం ఎన్నిసార్లు పేలాయో, ఎంత పెద్ద చాంబర్‌లో పేలాయో తెలియదు. కంపెనీ ముద్రను బట్టి వేరు చేయండి. కలిపి వాడితే లోపలి చోటు మారి అదే పౌడర్‌కు పీడనం మారుతుంది. సైన్యానికి తయారైన కేసుల్లో ప్రైమర్ చుట్టూ నొక్కి బిగించిన అంచు ఉంటుంది. అది తీసేస్తేనే కొత్త ప్రైమర్ దిగుతుంది.

## స్టీల్, అల్యూమినియం

వీటి మీద ఎక్కువ సమయం పెట్టనవసరం లేదు. స్టీల్ కేసుల్లో చాలావాటికి బెర్డాన్ ప్రైమర్ ఉంటుంది. మధ్యలో ఒక్క రంధ్రం బదులు పక్కపక్కన రెండు చిన్న రంధ్రాలు ఉంటాయి. మామూలు డై పిన్ను అక్కడ విరుగుతుంది. స్టీల్ ఇత్తడిలా సాగదు, తుప్పు పడుతుంది. అల్యూమినియం కేసులు ఒక్కసారి వాడకానికే. రెండిటినీ రీలోడింగ్ లెక్కలోంచి తీసేయండి.

## ఒక్క చూపులో

| చూడాల్సింది | నికెల్ పూత | కొత్త ఇత్తడి | మీ రైఫిల్‌లో కాల్చిన ఇత్తడి | స్టీల్ |
|---|---|---|---|---|
| రీలోడింగ్ ఆయుష్షు | తక్కువ, మెడ త్వరగా చీలుతుంది | ఎక్కువ | ఎక్కువ | వద్దు |
| అనీలింగ్ | పనికిరాదు | బాగా పనిచేస్తుంది | బాగా పనిచేస్తుంది | – |
| మెడ పట్టు సమానత | మధ్యస్థం | బాగుంటుంది | చాలా బాగుంటుంది | – |
| ట్రిమ్మర్ బ్లేడ్ అరుగుదల | ఎక్కువ | తక్కువ | తక్కువ | – |
| చిలుము, చెమట | బాగా తట్టుకుంటుంది | జాగ్రత్త కావాలి | జాగ్రత్త కావాలి | తుప్పు |
| లోపం కంటికి కనిపించడం | కష్టం | సులువు | సులువు | – |

## ఎవరికి ఏది?

వేటకు, అదీ తడిలో, రోజుల తరబడి, కొద్ది తూటాలు మాత్రమే వెంట తీసుకెళ్లేవారికి నికెల్ నిజంగా నచ్చుతుంది. నేనైతే ఇలా చేస్తాను: సాధన, లోడ్ (పౌడర్, బుల్లెట్ల కూర్పు) పరీక్షలు అన్నీ ఇత్తడితో. చివర్లో వెంట తీసుకెళ్లే ఇరవై, ముప్పై తూటాలకు మాత్రం ఒక్కసారి పేలిన నికెల్ కేసులు. ఇక్కడ ఒక మెలిక ఉంది. కేసు మారితే లోడ్ మారినట్టే. ఇత్తడిలో కుదిరిన లోడ్‌ను నేరుగా నికెల్‌లోకి ఎత్తిపోయకండి. మాన్యువల్‌లో ఇచ్చిన ఆరంభ కొలత నుంచి మళ్లీ మెల్లగా పైకి రండి, గుంపు ఎక్కడ పడుతుందో కొత్తగా చూసుకోండి. నికెల్ నునుపు వల్ల కేసు సులువుగా బయటకొస్తుంది కాబట్టి, బోల్ట్ బిగుసుకోవడం అనే పీడన హెచ్చరిక ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. ప్రైమర్ ముఖం చదునైందా, అడుగు మీద ఎజెక్టర్ (ఖాళీ కేసును బయటకు నెట్టే భాగం) ముద్ర పడిందా అన్నవీ చూడండి.

దూరపు టార్గెట్ వాళ్లకు నా జవాబు సూటిగా ఒక్కటే, ఇత్తడి. ఒకే లాటు కొనండి, వరుసగా వాడండి, క్రమం తప్పకుండా అనీలింగ్ చేయండి. నికెల్ మెడతో కుస్తీ పట్టడానికి పెట్టే సమయంలో ఇంకో వంద కేసులు తయారవుతాయి.

సెమీ ఆటోమేటిక్ రైఫిల్ వాళ్ల సంగతి కొంచెం కష్టం. ఆ రైఫిల్ కేసును విసిరికొడుతుంది, మూతి చొట్టపడుతుంది. తూటా ప్రతిసారీ ఆటంకం లేకుండా చాంబర్‌లోకి వెళ్లాలంటే కేసును ప్రతిసారీ పూర్తి పొడవునా సైజ్ చేయాలి. అంటే పూత మీద ఒత్తిడి ఇంకా ఎక్కువ. మరోపక్క కేసులు గడ్డిలో పోతూనే ఉంటాయి కాబట్టి ఎలాగూ ఆయుష్షు నిండదు. దొరికిన నికెల్‌ను రెండు మూడు సార్లు వాడి వదిలేయడం తప్పు కాదు. కావాలని కొనడం మాత్రం అనవసరం.

.223 రెమింగ్టన్ కేసును కోసి .300 బ్లాకౌట్ అనే వేరే రకం తూటా కేసుగా మార్చడం లాంటి పనులు చేసేవారు నికెల్ జోలికే పోవద్దు. అక్కడ కేసు ఒంటి భాగమే కొత్త మెడ అవుతుంది. పూత అంత నొక్కుడుకు తట్టుకోలేదు, పొలుసులన్నీ డైలోనే రాలతాయి.

కొత్తగా రీలోడింగ్ మొదలుపెట్టేవారికీ నికెల్ వద్దనే అంటాను. మొదటి ఏడాది మీరు నేర్చుకోవాల్సింది కేసును చదవడం. ఇత్తడి తన బాధ పైకి చెబుతుంది, నికెల్ దాచుకుంటుంది.

## నికెలే వాడదామనుకుంటే

కుప్పను వేరుగా పెట్టండి. ఇత్తడితో కలిపి శుభ్రం చేయడం, కలిపి నింపడం రెండూ వద్దు. శుభ్రానికి మొక్కజొన్న కండె పొట్టుతో పొడిగా తిప్పితే సరిపోతుంది. స్టీల్ పిన్నులతో నీళ్లలో గంటల కొద్దీ తిప్పడం పూతకు మంచిది కాదు. అంత మెరుపు తెప్పించాల్సిన పని కూడా లేదు, అది ముందే ఉంది.

శుభ్రమయ్యాక ప్రతి మూతినీ భూతద్దం కింద చూడండి. పొర లేచిన అంచు, గోరుకు తగిలే బీట, బుడగ, ఏది కనిపించినా పక్కన పెట్టేయండి. కేసు నున్నగా ఉంది కదా అని లూబ్ (డైలో జారడానికి రాసే జిడ్డు) మానేయకండి. రైఫిల్ కేసుకు లూబ్ తప్పదు. అది లేకపోతే కేసు డైలో ఇరుక్కుంటుంది, దాన్ని బయటకు తీయడం పెద్ద యాతన. నికెల్ కోసం పాత డై ఒకటి వేరుగా ఉంచుకుంటే నిశ్చింత. లేకపోతే ప్రతి యాభై కేసులకూ ఒకసారి, పని అయ్యాక తప్పకుండా ఒకసారి డై విప్పి తుడవండి. ఎక్స్‌పాండర్ బాల్ (మెడను లోపలి నుంచి సరిచేసే డై గుండు) గట్టి కార్బైడ్‌ది అయితే మెడ లోపల గీరుకోవడం తగ్గుతుంది.

పొడవు కొలవండి. .308 వించెస్టర్‌కు గరిష్ఠం 51.18 మి.మీ., .223 రెమింగ్టన్‌కు 44.70, .30-06కు 63.35. దాటితేనే ట్రిమ్ చేయండి, అలవాటుగా ప్రతిసారీ కోయొద్దు. కోసిన ప్రతిసారీ పూత అంచు కొత్తగా తెగుతుంది. కోయాల్సి వస్తే కార్బైడ్ బ్లేడ్ వాడండి, మామూలు బ్లేడ్ త్వరగా మొద్దుబారుతుంది. కోశాక లోపలా బయటా అంచును నున్న చేసి, పత్తి పుల్లను మూతి లోపల తిప్పండి. దూది పోగు ఎక్కడైనా చిక్కితే ఇంకా గరుకు ఉన్నట్టు. బుల్లెట్ జాకెట్‌కు కూడా అక్కడే గీత పడుతుంది.

ఎన్నోసారి నింపుతున్నామో డబ్బా మీద రాసుకోండి. నేను మూడు రీలోడ్లు దాటనివ్వను. ఇంకా బాగున్నట్టు కనిపించినా సరే, అక్కడితో ఆపేస్తాను. కలిపి నింపిన కేసుల్లో ఒక్క మెడ చీలినా మిగతావాటిని కూడా ఆ రోజే పక్కన పెట్టేస్తాను, అవన్నీ ఒకే వయసువి కాబట్టి. పక్కన పెట్టిన కేసు మూతిని అక్కడికక్కడే పటకారుతో నొక్కి చదును చేయాలి. లేకపోతే అది తళతళలాడుతూ వచ్చే నెల మళ్లీ అదే బల్ల మీద, బాగున్న కేసుల మధ్య కనిపిస్తుంది.